కిటికీ తెరవొద్దన్నానా!

"తలుపు తీస్తారా, పోలీసులకు ఫోన్ చేయమంటారా?"

తలుపు తీసిన అబ్బాయి ఒక చేతిలో కడుపునొప్పి మందు సీసా ఉంది. చంకలో బఠాణీ అనే చిన్న బూడిదరంగు పిల్లి ఉంది. అది ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తోంది.

"ఏం చేస్తున్నారు దాన్ని?" అని నిలదీసింది కింది వాటాలో వయొలిన్ నేర్పే అమ్మాయి. "నిన్నటి నుంచి ఇదే గోల. నా దగ్గరికొచ్చే పిల్లలు భయపడి పాఠం మానేస్తున్నారు. మీకు మనసనేది ఉందా?"

"నేనేం చేశానండీ! పొట్ట నిమిరాను, మందు పట్టించాను. నేల మీద దొర్లుతుంది, తోక ఎత్తుతుంది, మళ్లీ అరుస్తుంది. అంత తెలిసినవాళ్లయితే మీరే చెప్పండి!"

ఆమెకూ తెలియదు. ఇద్దరూ దారంతా పోట్లాడుకుంటూనే పిల్లిని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ ఒక్క చూపు చూసి పకపకా నవ్వింది.

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఎదకొచ్చింది. మగపిల్లిని పిలుస్తోంది."

అతను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పనివాడు. ఆ మాటకు చెవుల దాకా ఎర్రబడ్డాడు. వయొలిన్ అమ్మాయి గోడ మీది కుక్క బొమ్మను మహా శ్రద్ధగా చూసింది.

"ఈ గోల తగ్గగానే తీసుకురా బాబూ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తాను. అంతవరకు బయటికి వదలొద్దు. ఇది ఇంకా పసిది. ఇప్పుడు కడుపొస్తే ప్రాణం మీదికొస్తుంది."

ఆ వారమే అతను షాపు పని మీద పక్క ఊరు వెళ్లాల్సి వచ్చింది. వేరే దిక్కులేక తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"బఠాణీకి తిండి, నీళ్లు చాలు. కిటికీ మాత్రం తెరవకండి. ఎంత ఏడ్చినా సరే."

"నేనేమైనా చిన్నపిల్లనా?"

తెరిచింది. గాలి కోసమని జానెడే తెరిచింది. ఒక్క తీగ శ్రుతి తప్పితేనే ఓర్చుకోలేని మనిషి, ఆ ఏడుపు ఎక్కడ ఓర్చుకుంటుంది? బఠాణీకి ఆ జానెడు చాలు. తెల్లవారి అది తిరిగొచ్చేసరికి మెడ వెనక బొచ్చు రేగిపోయి ఉంది. పైవాటా పెద్దాయన పెంచుకునే నారింజరంగు గండుపిల్లి పిట్టగోడ మీద కూర్చుని తీరిగ్గా ఒళ్లు నాక్కుంటోంది.

"కిటికీ తెరవొద్దన్నానా!" ఊరి నుంచి వచ్చినవాడు చేసిన మొదటి పని తాళంచెవి లాక్కోవడం.

కొన్ని వారాలకు అనుమానం నిజమైంది. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. "ఇప్పుడైనా ఆపరేషన్ చేయొచ్చు. కడుపులోవి దక్కవు. తల్లి మాత్రం క్షేమం."

"వద్దండీ!" వయొలిన్ అమ్మాయి ఏడ్చేసింది. "ఒక్కసారైనా తల్లి కానివ్వండి."

"తల్లి కావాలని అది మీతో చెప్పిందా? ఒళ్లు లాగింది, వెళ్లింది. చచ్చేది మీరూ కాదు, ఆ గండుపిల్లీ కాదు!"

ఇంత అరిచినవాడూ ఆ కన్నీళ్లు చూసి చివరికి సరే అన్నాడు. బయటికొచ్చాక తన మెతకదనానికి తన మీద తనకే ఒళ్లు మండింది.

అప్పటి నుంచి మాటలు లేవనుకునేరు. రోజూ పోట్లాటే. పెట్టె ఏ మూల పెట్టాలి, తువ్వాలు మెత్తగా ఉందా లేదా, అన్నీ తగువులే. ఆమె కింద వయొలిన్ వాయిస్తే బఠాణీ బరువైన పొట్ట నేలకానించి నిద్రపోయేది. అది విందామని అతను సాయంత్రం షాపు నుంచి పరుగున వచ్చేవాడు. అంత తొందరేమిటని ఆమె అడిగితే, "పిల్లి కోసం" అనేవాడు.

నొప్పులు మొదలైన మధ్యాహ్నం కుండపోత వాన. మొదటి పిల్ల అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. ఉన్న ఒక్క గొడుగూ బుట్ట మీద పట్టి, ఇద్దరూ తడిసి ముద్దయి డాక్టరమ్మ గుమ్మంలో పడ్డారు. లోపల ఆపరేషన్ జరుగుతోంది.

"దానికేమైనా అయితే మీ మొహం చూడను," అన్నాడు అతను బల్ల మీద కూర్చుని.

"నా మొహం నేనూ చూసుకోను."

ఆ మాట విని అతను చేతిరుమాలు ఇచ్చాడు, అదీ తడిదే.

బఠాణీ చావు తప్పి బయటపడింది. మూడు పిల్లల్లో ఒక్కటే దక్కింది. ఇక పిల్లలు పుట్టకుండా డాక్టరమ్మ అదే కోతలో ఆ పనీ ముగించింది.

బఠాణీ కుట్లు మానాక ఒక సాయంత్రం, షాపు నుంచి వచ్చి మెట్లెక్కుతున్నవాడికి పైనుంచి కేకలు వినిపించాయి.

"మగపిల్లి కదమ్మా, నాకేం నష్టం? ఆపరేషన్ పేరుతో కోయించడం పాపం కూడాను," అంటున్నాడు పైవాటా పెద్దాయన.

"పాపమా! ఈ చేతులతో రెండు పిల్లల్ని పాతిపెట్టాను. పాపం గురించి నాకు చెప్పకండి బాబాయిగారూ! ఒళ్లు లాగింది, వెళ్లింది. చచ్చేది మీరూ కాదు, మీ గండుపిల్లీ కాదు! దాని చెవి చూడండి, కొట్లాటల్లో సగం పోయింది. ఇది వీధి వీధంతా కడుపులు చేసొస్తే, పుట్టినవాటిని సాకేది మీరా? ఆ రోజు కిటికీ తెరిచింది నేనే. నా తప్పు నేను మోస్తున్నాను. మీది మీరు మోయండి!"

అతను మెట్టు మీదే ఆగిపోయాడు. ఆ తిట్లు తనవి. ఒక్క ముక్క పోకుండా దాచుకుంది! తన మాటను ఇంతగా పట్టించుకున్న మనిషి మరొకరు లేరనిపించింది.

"తీసుకెళ్లు తల్లీ, ఏం చేయిస్తావో చేయించు. ముందు ఆ అరుపు ఆపు," అన్నాడు పెద్దాయన.

ఆమె గండుపిల్లిని బుట్టలో కూరి కిందికి దిగుతూ అతన్ని చూసింది.

"ఏం చూస్తున్నారు? పట్టుకోండి!"

పట్టుకున్నాడు. రెండో చేత్తో జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు.

"మళ్లీ ఊరెళ్తున్నారా? పిల్లుల్ని నేను చూసుకోవాలా?"

"లేదు. నేను ఇంట్లోనే ఉంటాను."

"మరి ఇదెందుకు?"

"ఎప్పుడైనా రావచ్చని. తిట్టడానికైనా సరే. మీరంటే నాకు ఇష్టం."

బుట్టలో గండుపిల్లి గోల పెడుతూనే ఉంది.

"కిటికీ తెరిచేస్తానేమో," అంది ఆమె, తల దించుకుని.

"తెరవండి. ఇక బఠాణీకి భయం లేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. తాళంచెవిని గుప్పిట్లో బిగించి, మెట్లన్నీ మార్మోగేలా అరిచింది.

"అదేదో ముందే చెప్పి ఏడవొచ్చుగా!"