ఒకటి మీద పట్టుకో

కారు అమ్మేశాక గ్యారేజీ ఖాళీ అయింది. మా ఆయన వడ్రంగి. ఆయన పోయిన రెండు నెలలకి అద్దె షాపు వదిలేసి, సామానంతా తెచ్చి అందులో పడేశాను. ఇల్లంతా దుమ్మవుతుందని అత్తగారు గొణిగారు. మంచం పూర్తయ్యేదాకానే అన్నాను.

ఆ మంచం మా పాప చిట్టి కోసం ఆయన మొదలుపెట్టింది. పక్క పట్టెలు రెండు కావాలి, ఒకటి కోసి పోయాడు. చిట్టికి ఆరేళ్ళు. నాన్న పోయిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఏడవనూ లేదు. బండరాయి అన్నారు చుట్టాలు. అననీ, నాకేం.

రెండు స్టూళ్ళ మీద ప్లైవుడ్ షీటు వేసి బల్ల చేశాను. పైన ఒక బల్బు వేలాడదీశాను. రంపం చప్పుడుకి పక్కింటివాళ్ళు నస పెడతారని మిట్టమధ్యాహ్నమే షట్టరు దించేశాను. బల్బు వెలుగు బల్ల దాకానే. ఆ చివర చెక్కలు పేర్చిన మూల చీకటి. జిగురు వాసన, రంపపు పొట్టు వాసన.

ఆయన కొలత టేపు చివరి కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. మొదటి అంగుళం గీతలు చెరిగిపోయాయి. కొత్తది కొనమంటే వినేవాడు కాదు. అందుకని కొసని కాకుండా ఒకటి అంకెని చెక్క అంచుకి ఆనించి, ఒక అంగుళం ఎక్కువ లెక్కేసుకోవాలి. తొమ్మిదేళ్ళు ఆ కొస పట్టుకునే పని నాదే. “ఒకటి మీద పట్టుకో” అని రోజూ చెప్పేవాడు, నాకేదో మతిమరుపున్నట్టు.

పట్టె అరవై అంగుళాలు. అంటే టేపు మీద అరవై ఒకటి. ఒక్కదాన్నే కదా, చీకట్లోకి పోయిన అవతలి కొస రెండుసార్లు జారిపోయింది. మూడోసారి లాగితే బిగుసుకుంది. ఆయన అడిగే మాటే అలవాటుగా నా నోట్లోంచి వచ్చింది.

“పట్టుకున్నావా?”

“ఊఁ.”

చీకట్లోంచి... మెల్లగా.

భయం వేయాలి. వేయలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. గీత గీసి, కోసేశాను.

అప్పుడే లోపలి తలుపు తీసుకుని చిట్టి వచ్చింది. దాన్ని దగ్గరికి తీసుకుని, ఆ మూల నాన్న ఉన్నాడు, వెళ్ళి పలకరించమని నేనే చెప్పాను. నా చేతులతో నేనే పంపాను. చెక్కల వెనక్కి వెళ్ళింది.

“నాన్నా...” అంది.

రెండు నెలల తర్వాత దాని గొంతు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి తుడుచుకుంటూనే కొత్త పట్టెని ఆయన కోసిన పట్టె పక్కన పెట్టాను.

నాది ఒక అంగుళం ఎక్కువుంది.

గీత చూశాను. అరవై ఒకటి మీదే గీశాను, సరిగ్గానే కోశాను. అంటే అవతలివాళ్ళు టేపుని కొసన పట్టుకున్నారు. నిద్రలో లేపి అడిగినా ఆయన ఒకటి మీదే పట్టుకుంటాడు.

ఆయన కాదు.

“చిట్టీ... ఇటు రా.”

“చెయ్యి వదలట్లేదమ్మా,” అంది గుసగుసగా. నవ్వుతోంది.

పరుగెత్తి షట్టరు ఎత్తాను. వెలుగు మూలదాకా పడింది. చెక్కల వెనక చిట్టి తప్ప ఎవరూ లేరు. గోడకేసి తిరిగి నిలబడి ఉంది. కుడిచెయ్యి నిటారుగా పైకి... మడమలు నేలకి ఆనడం లేదు.

మా ఆయన పొట్టివాడు. ఆయన వేలు పట్టుకుని నడిస్తే చిట్టి మోచెయ్యి వంగే ఉండేది.

నడుం పట్టుకుని కిందికి లాగాను. రాలేదు. దాని కాళ్ళు ఇంకో అంగుళం పైకి లేచాయి.