సొరబుర్రలో చిక్కిన ముఖం

కుందవర రాజ్యంలో ఎవరికీ ఏడుపు రాదు, నవ్వూ రాదు. శీతదంష్ట్ర అనే రాక్షసి కొండమీంచి ఊదిన మంచు అందరి గుండెల్నీ మొద్దుబార్చింది. పెళ్ళికైనా చావుకైనా జనం ఒకే ముఖంతో వెళ్ళి, భోంచేసి వస్తున్నారు. ఆ ఊళ్ళో నీడపెట్టెతో మనుషుల బొమ్మలు పట్టే వకుళ అనే అమ్మాయి ఉంది. ఆమె తల్లి రంగమ్మ కన్నకూతురిని దారినపోయే మనిషిని చూసినట్టు చూస్తోంది. వకుళకు అదేమీ బాధ కలిగించలేదు. బాధ కలగాల్సిన చోట కలగడం లేదని మాత్రం తెలిసింది.

అద్దంలోనూ నీటిలోనూ కనిపించని తన ముఖాన్ని రాక్షసి చూసుకున్ననాడు మంత్రం వీడుతుందని జ్యోతిష్కులు చెప్పారు. వకుళ వెళ్తానంది. రాజు ధర్మకేతుడు ఆమెకు వజ్రపు కన్ను పొదిగిన బంగారు నీడపెట్టె ఇచ్చాడు.

"ఇంత ఖరీదైనది లోకంలో లేదు. ఇక గెలిచినట్టే," అన్నాడు ఆవులిస్తూ.

అడవిలో ఆమె అలికిడికి ఒక ముని తపస్సు చెడింది. "నిన్ను శపించాలి తల్లీ. కోపమే రావడం లేదు," అని, నీడ అంటుకునే మాయాకులు రెండు ఇచ్చి పంపాడు. కొండ మొదట్లో పులి అడ్డంగా పడుకుంది.

"నిన్ను తినడం నా ధర్మం. ఆకలి లేదు, పక్కనుంచి పో," అంది.

వకుళ పక్కనుంచి పోయింది. భయమే లేని మనిషిని ధైర్యవంతురాలని ఎలా పొగడాలో నాకు తెలియదు పిల్లలూ.

శిఖరంమీద శీతదంష్ట్ర కూర్చుని ఉంది. వకుళ బంగారు పెట్టెను నమ్ముకుని చటుక్కున మూత తీసింది. వజ్రం ఎండనంతా ఒక్కసారి లోపలికి పంపింది. లోపల పెట్టిన మాయాకు మాడిపోయింది. రాక్షసి పెట్టెను లాక్కుని లోయలోకి విసిరింది.

"ఇంకేముంది నీ దగ్గర?"

"ఒక్క ఆకు. అదీ పోతే మా అమ్మ ఇక నాకు అమ్మ కాదు."

బొమ్మ పట్టేముందు ఆ మనిషితో కలిసి తినడం నీడ పట్టేవాళ్ళ ఆచారం. బంగారం చేతికొచ్చాక వకుళ దాన్ని మరిచింది. ఇప్పుడు మూట విప్పి రొట్టెలో సగం రాక్షసికి ఇచ్చింది. పొదలో దొరికిన ఎండు సొరబుర్రను కోసి, లోపల మసి పూసి, ముల్లుతో సన్నని బెజ్జం చేసింది. ఆకును లోపల అమర్చి, జిగురుతో మూసి, బెజ్జంమీద వేలు పెట్టింది. ఎండ పక్కనుంచి తగిలేలా రాక్షసిని నల్లరాతి ముందు కూర్చోబెట్టింది.

"చిన్నప్పుడు నీకు అన్నం ఎవరు పెట్టేవారు?" అని అడిగింది.

రాక్షసి నమలడం మానేసింది. వకుళ వేలు తీసింది. సన్నని బెజ్జంలోంచి నీడ మెల్లగా దిగాలి, ఎదుటివాళ్ళు కదలకూడదు. ఎవరినో తలుచుకుంటూ రాక్షసి అలాగే ఉండిపోయింది.

వకుళ బుర్ర విప్పి ఆకు తీసి చూపింది. ఆకుమీద కోరలు పడ్డాయి, ముడతలు పడ్డాయి. అమ్మకోసం చూసే పసిపిల్ల చూపు కూడా పడింది.

"ఇది నేనా?"

"నువ్వే."

రాక్షసి భోరుమని ఏడ్చింది. మంచు కరిగి వాగై పారింది. పులికి ఆకలి తిరిగొచ్చి ఉంటుంది కనుక వకుళ వేరే దారిన దిగింది.

బంగారు పెట్టె లోయపాలైందని విని రాజు మండిపడ్డాడు. తనకు కోపం వచ్చిందని గ్రహించి, మురిసిపోయి, వకుళను ఆస్థానంలో నియమించాడు.

ఇంటి గుమ్మంలో రంగమ్మ ఎదురైంది. "చెప్పకుండా ఎక్కడికి తగలడ్డావే?" అని కూతురి వీపున ఒక్కటి వేసి, మరుక్షణం వాటేసుకుంది. వకుళ వెక్కివెక్కి ఏడ్చింది. ఏమైందోనని ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి, సంగతి తెలియకుండానే వాళ్ళూ ఏడ్చారు.