ఇంకో ఇంట వెలగని దీపం

ఆ ఇంట్లో తెల్లవారిందని చెప్పేది అత్త నడుముకున్న తాళంచెవి. అది గలగలమంటే ఆమె ముఖం కడుక్కుని, జుట్టు ముడేసుకుని, టీ కూడా తాగకుండా వీధి చివరి ప్రార్థన మందిరం తెరవడానికి బయల్దేరిందన్న మాట. ఆమె ఇంటి యజమానికి చెల్లెలు, అతని కూతురికి మేనత్త. ఆ పిల్ల పిలవడం చూసి వీధంతా అత్త అనే పిలుస్తుంది. వానొచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా ఆమె వెళ్లాల్సిందే, ఎందుకంటే మందిరం తలుపు కిందికి కుంగిపోయింది. రెక్కను భుజంతో పైకెత్తి పట్టుకుంటే గానీ తాళం తిరగదు. ఆ కిటుకు ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

అలాగని బాగుచేయించకుండా ఏమీ వదిలేయలేదు. వానలు తగ్గాక ప్రతిసారీ వడ్రంగి వచ్చి, మడతబందులు బిగించి, అత్త ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్తాడు. కొన్నాళ్లకు అవి మళ్లీ వదులవుతాయి. మంచాలూ బీరువాలూ నిక్కచ్చిగా చేసే మనిషికి ఒక్క తలుపు కుదరకపోవడమేమిటని ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పక్కింట్లో ఆవాలు చిటపటమన్నా ఆరా తీసే అత్త వదినగారికి కూడా రాలేదు, అదీ విచిత్రం.

మందిరం కట్టించిందీ, ఆ సంఘాన్ని స్థాపించిందీ అత్త తండ్రే. పోయి చాలా ఏళ్లయినా అందరూ ఆయన్ని ఇప్పటికీ పెద్దయ్య అనే అంటారు. ఆయన ప్రవక్త అని సంఘం నమ్మకం. కళ్లు మూసుకుని పిల్లల తలమీద చెయ్యిపెట్టి ఒక మాట చెప్పేవాడు. ఆ మాటే ఆ బిడ్డకు జీవితాంతం దారి. ఒకమ్మాయికి రోగుల సేవ అన్నాడు, ఆమె నర్సయింది. బొంగురు గొంతు పిల్లాడొకడికి పాట అన్నాడు. పాపం, అతను పెరిగి సంఘ పెద్ద అయి కూడా ఇంకా పాడుతూనే ఉన్నాడు, వినేవాళ్లు భక్తితో భరిస్తున్నారు. సొంత కూతురి తలమీద చెయ్యిపెట్టి మాత్రం, "ఇది నా మందిరపు దీపం. ఇంకో ఇంట వెలగదు" అన్నాడు. అందుకే అత్తకు పెళ్లి కాలేదు.

ఆ ఉదయం అందరూ టీ తాగుతుండగా వడ్రంగి వచ్చాడు. చేతిలో పనిముట్ల సంచి లేదు, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా ఉంది. భార్య పోయి ఎన్నో ఏళ్లుగా ఒంటరిగా ఉంటున్న మనిషి. ప్రింటింగ్ ప్రెస్సుకు బయల్దేరబోతున్న అత్త అన్నయ్య ఏమైనా పనిమీద వచ్చావా అని అడిగాడు.

"పని కాదు బ్రదరుగారూ. మీ చెల్లెల్ని పెళ్లి చేసుకుందామని అడగడానికొచ్చాను. ఆవిడతో మాట్లాడే వచ్చాను."

వదిన చేతిలో గ్లాసు జారి పగిలింది. కిటికీ దగ్గర వెల్లుల్లి వలుస్తున్న నానమ్మ, పెద్దయ్య భార్య, తలెత్తి చూసింది. అప్పుడే మందిరం నుంచి తిరిగొచ్చిన అత్త గుమ్మంలో నిలబడి ఉంది. అందరూ ఆమె వైపు తిరిగారు. తల దించుకుంటుందనుకున్నారు, దించుకోలేదు.

"అవునన్నయ్యా. నాకిష్టమే."

అన్నయ్యకు కోపం వచ్చుంటే బాగుండేది, అతని ముఖంలో ఉన్నది భయం. కబురు చేస్తానని వడ్రంగిని పంపేసి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి ప్రెస్సుకు వెళ్లాడు. గాజుముక్కలు ఏరుతున్న వదినకు అప్పుడు గుర్తొచ్చింది ఆ తలుపు సంగతి. ఇన్నాళ్లూ తన కళ్లేమయ్యాయా అని చీపురు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

సాయంత్రానికి సంఘ పెద్దలు ఇంటికొచ్చారు. వాళ్లు తిట్టలేదు, చిక్కంతా అక్కడే ఉంది. తిడితే ఎదురు చెప్పొచ్చు, బతిమాలితే ఏం చెయ్యాలి? పరిశుద్ధ గ్రంథంలో ఉన్న పాత నియమం గుర్తుచేశారు. ప్రవక్త చెప్పింది జరగకపోతే అది దేవుడి మాట కాదు. అత్త పెళ్లి చేసుకుంటే పెద్దయ్య మాట జరగనట్టు, జరగకపోతే ఆయన అబద్ధ ప్రవక్త. ఆయన మాటమీద చదువులు మానుకున్నవాళ్లు, ఉద్యోగాలు వదులుకున్నవాళ్లు, సంబంధాలు కాదనుకున్నవాళ్లు ఎవరి ముఖం చూసి ఓదార్పు పొందాలి? బొంగురు గొంతు పెద్దమనిషి కళ్లనీళ్లు పెట్టుకుని, నా సంగతేంటమ్మా అన్నాడు. ఒక మనిషి ప్రవక్త అవునో కాదో తేల్చే భారం తిరిగి తిరిగి, జుట్టు నెరిసిన ఒక ఆడమనిషి నెత్తిన పడింది.

"అసలు తాతయ్య నిజంగా ప్రవక్తేనా?"

అడిగింది కళ్లద్దాల దుకాణంలో పనిచేసే మేనకోడలు. ఆ గోడల మధ్య అలాంటి ప్రశ్న ఎన్నడూ పుట్టలేదు. వదిన కూతుర్ని లోపలికి లాగబోయింది, ఆ పిల్ల కదల్లేదు.

"చెప్పింది దానంతటది జరిగితే ప్రవచనం. జరిగి తీరాలని మనమే అత్తని ఆ తలుపుకి కట్టేస్తే అది ప్రవచనం ఎలా అవుతుంది?"

అత్త మేనకోడలి చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. తాళంచెవిని వేళ్లతో తిప్పుతూ ఉంది. చివరికి, తన సుఖం కోసం నాన్న అబద్ధికుడు కాకూడదని, వడ్రంగిని ఇక రావద్దని చెప్పమని అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. పెద్దల ప్రాణం కుదుటపడింది. దేవునికి స్తోత్రం అంటూ లేవబోయారు.

"ఒరేయ్," అంది నానమ్మ కొడుకుతో. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అన్నయ్య గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. పెద్దయ్య ఆఖరి రోజు ఆసుపత్రి గదిలో తనూ అమ్మా మాత్రమే ఉన్నారు. నాన్న కళ్లు తెరిచి, స్పష్టంగా, చెల్లెల్ని పిలవమన్నాడు.

"ఆ మాట దేవుడిది కాదు, నాదేనన్నారు. నేను పోయాక మందిరం చూసేవాళ్లుండరన్న బెంగతో అన్నాను, దాన్ని ఆ మాట నుంచి విడిచిపెట్టానని చెప్పు అన్నారు. పిలుద్దామనే బయటికొచ్చాను. వరండా నిండా సంఘం మోకాళ్లమీద ఉంది. ప్రవక్తా, ప్రవక్తా అని ఏడుస్తున్నారు. నా నోరు పెగల్లేదు. జ్వరంలో ఏదో అన్నారనుకున్నా." అక్కడ ఆగాడు. "అనుకోలేదు. అలా అనుకుంటే బాగుంటుందనుకున్నా."

ఆ సమయంలో చెల్లెలు మందిరం తలుపు తీస్తూ ఉంది. ఆమె వచ్చేసరికి తండ్రి ప్రాణం పోయింది.

వంటింటి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. అంతా విన్నది. ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె తల్లి వైపు చూసింది. వీడు ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడని చూస్తూ చూస్తూ నా నోరూ మూతపడిందమ్మా అంది నానమ్మ, చేతులు కొంగులో దాచుకుని.

"అప్పటికి నా తల నెరవలేదు కదన్నయ్యా," అంది అత్త.

గట్టిగా కూడా అనలేదు. ఆ మాటకు అన్నయ్య రెండు చేతులతో ముఖం కప్పుకుని పసివాడిలా ఏడ్చాడు. తండ్రి ఏడవడం ఎన్నడూ చూడని కూతురు నిర్ఘాంతపోయి తల్లిని పట్టుకుంది.

అయితే పెద్దయ్య అబద్ధ ప్రవక్తేనా అని పెద్దల్లో ఒకరు బిక్కుబిక్కుమంటూ అడిగారు. అత్త వాళ్ల వైపు తిరిగింది.

"ఏ మాట దేవుడు పలికించాడో, ఏది నాన్న సొంతమో నాకేం తెలుసు? తప్పయిందని చెప్పినప్పుడు మాత్రం ఆయనకి దాంట్లో లాభమేం లేదు. ఆ ఒక్క మాట దేవుడు పలికించిందేనని నమ్ముతా. దాన్నే నా దాకా రానివ్వలేదు మీరు."

"నేను బాగా పాడనని నాకెప్పుడో తెలుసు," అన్నాడు బొంగురు గొంతు పెద్దమనిషి మెల్లగా. ఎవరూ నవ్వలేదు.

అత్త నడుము నుంచి తాళంచెవి విప్పి అన్న ఒళ్లో పెట్టింది. రేపు నువ్వే తియ్యి అని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు ఆ ఇంట్లో తాళంచెవి చప్పుడు లేదు. అత్త పక్కమీద కళ్లు తెరుచుకుని పడుకుంది. ఇన్నేళ్ల కోపం ఒక్కసారిగా వచ్చి గుండెల్లో కూర్చుంది, అన్న ముఖం ఇక చూడననుకుంది. ఇంతలో మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. నాన్న సంఘమంతటి ముందూ తాతయ్య ఆఖరి మాట చెప్పేశాడట. సగంమంది వెళ్లిపోయారట. మిగిలినవాళ్లు నిలబడే ఉన్నారట, తలుపు మాత్రం తెరుచుకోవడం లేదట.

అత్త వెళ్లేసరికి అన్నయ్య చెమటలు కక్కుతూ తాళంతో కుస్తీ పడుతున్నాడు. వేళ్లు గీరుకుపోయాయి. ఆమె కాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత అతని పక్కకు వచ్చింది.

"భుజం పెట్టు. ఎత్తి, అప్పుడు తిప్పు."

అతను ఎత్తాడు. తాళం తిరిగింది, తలుపు తెరుచుకుంది. అతను లోపలికి వెళ్లలేదు, రెక్కకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

"ఇంత బరువా చెల్లీ? ఒక్కరోజైనా చెప్పలేదేం?"

"నువ్వు మాత్రం చెప్పావా?" అంది అత్త. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. ఇద్దరూ ఆ గుమ్మంలోనే కూర్చుని, చిన్నప్పుడు దెబ్బలు తిన్నప్పటిలా ఒకరి భుజంమీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు.

వడ్రంగి ఎప్పుడొచ్చాడో, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఈసారి పనిముట్ల సంచి చేతిలోనే ఉంది. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది.

"ఇవాళ సరిగ్గా బిగించండి. ఇంక వదులు చెయ్యక్కర్లేదు."