సారంగపాణి మిషన్

చీకటి పడ్డాక ఆ గదిలో ఎవరూ కూర్చోరు.

వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. అందులో కంప్యూటర్ గది. ఆపరేటర్ సారంగపాణి రెండేండ్ల కింద మిషన్ ముందటి కుర్చీలోనే గుండె ఆగి పోయిండు. అప్పటిసంది రాత్రి ఎనిమిది కొట్టంగనే, ఎవరూ ముట్టకుండానే ప్రింటర్ లేస్తది. మొదట ఆయన పేరే కొడ్తది. తర్వాత ఏం కొడ్తదో చూసినోళ్ళు లేరు — అప్పటికే అందరూ బయటపడ్తరు. పొద్దున ఊడ్చేటోళ్ళు ఆ కాయితం చూడకుండనే కాలబెడ్తరు.

ఈ సంగతంతా బిడ్డకు తోడొచ్చిన రూతమ్మకు అటెండర్ కొమురెల్లి చెప్పిండు. గొంతు తగ్గించి, గడప అవతలే నిలబడి చెప్పిండు. బీడీ తాగొస్తనని పోయినోడు మళ్ళ రాలేదు.

రూతమ్మ లేవలేదు. తను లేస్తే బిడ్డ లేవాలె. ఆరు దాటితే ఆడపిల్ల పక్కన ఇంటి పెద్ద ఉండాలని కాలేజీ రూలు. ఊళ్ళె మిల్లు మోటార్లు ఆగి, ఏడు దాటితే గాని కరెంటు నిలకడగ రాదు. అందుకే డోర్నకల్ స్టేషన్‌కు బిడ్డ ఫోన్ చేసి కబురు పెట్టంగనే ఆమె ప్యాసింజర్ ఎక్కింది, టిఫిన్ డబ్బా పట్టుకొని.

బిడ్డ పేరు హన్నా. మరిపెడ చుట్టూ అరవై రెండు బావుల నీళ్ళు సీసాల్లో తెచ్చి, పరీక్ష చేసి, వచ్చిన అంకెలన్నీ ఏడు నెలలు ఆ మిషన్లో కొట్టింది. ఇయ్యాల మధ్యాహ్నం కరెంటు పోయొచ్చింది... ఆ అంకెలున్న హన్నా డిస్కు తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టాలంటే నెల పడ్తది. రిపోర్టు అప్పజెప్పాల్సింది సోమవారం. లేకుంటే ఏడాది పోయినట్టే.

"నీ మిషన్ ఏది బిడ్డా?"

"ఉన్నది ఒక్కటే అమ్మా. దాని కడుపుల ముప్పై ఉత్తుత్తి మిషన్లు, మనిషికొకటి. డిస్కు గూడ ఉత్తుత్తిదే — పెద్ద డిస్కుల ఇంత జాగ. పేరుంటది, ఒళ్ళూ పెయ్యీ ఉండదు."

"పేరుండి పెయ్యి లేకుంటే అది దయ్యమే గద."

హన్నా నవ్వింది. ఆ రోజంతటికీ అదే నవ్వు.

పాడైన డిస్కును తునక తునకగా చదివించింది. పది బావులు దొరికినయి. తర్వాత అంతా చెత్త అక్షరాలు. ఇంకోసారి చదివించింది. ఆ పదే.

గది చల్లగ ఉంది. గడియారం ఎనిమిది మీదికొచ్చింది.

టక్... టకటకటక...

ప్రింటర్ లేచింది. హన్నా చేతులు ఒళ్ళోకి జారినయి. రూతమ్మకూ భయమే. అయినా లేచింది. పారిపోతే ఏడాది పోతది... ఆమెకు తెలిసింది అంతే. మిషనరీ బడిలో అయిదో తరగతి దాకా చదివిన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ కాయితం మీదికి వంగింది.

సారంగపాణి. కింద ఒక పట్టీ, అన్నీ పేర్లే. అన్నిటికన్నా అడుగున — హన్నా.

"నీ పేరుంది. రా, చూడు."

హన్నా వచ్చింది. చూసింది. మొఖం తెల్లబడ్డది.

కాయితం చదివి హన్నా చెప్పింది: సారంగపాణి పేరున్న ఉత్తుత్తి మిషన్‌ను ఎవరూ తీసెయ్యలేదట. ఆ పేరు ముట్టాలంటేనే భయం. అది మాత్రం రోజూ ఎనిమిదింటికి లేచి, పట్టీలో ఉన్నోళ్ళ డిస్కులన్నిటికీ నకలు తీస్తనే ఉంది. నిన్న రాత్రి తీసిన మంచి నకలు అందులోనే ఉంది.

"ఇంకేంది మరి?"

"ఇయ్యాల్టి పాడైంది దాని మీద పడి చెరిపేస్తదమ్మా. నా వంతు రాకముందే ఆపాలె."

టక్. ఒక పేరు నకలు అయిపోయింది. టక్. ఇంకొకటి...

"ఆపు."

"ఆయన పేరు కొట్టి ఆపాలె..." హన్నా వేళ్ళు కదలలేదు.

రూతమ్మ ఆ మణికట్టు పట్టుకొని, మీటల మీద పెట్టింది. "కొట్టు. సచ్చినోని పేరు కొడితే వేళ్ళు కాలయి."

హన్నా ఒక్కొక్క అక్షరం కొట్టింది. ఇంకో రెండు పేర్లు ఉన్నయనంగ ప్రింటర్ ఆగింది.

అరవై రెండు బావులూ దొరికినయి.

పొద్దున కంప్యూటర్ గది ఆఫీసరు కిషన్ రావు వచ్చి అంతా విన్నడు. అయితే దయ్యం గియ్యం ఏమీ లేదన్నమాట, ఇయ్యాలనే ఆ మిషన్ తీసిపారేయిస్తనన్నడు. ఆ పట్టీ దానంతటది పెరగదనీ, సారంగపాణే కూర్చొని ఒక్కొక్క పేరు ఎక్కించేటోడనీ, ఇంకెవరికీ అందులో పేరెక్కించే దారి లేదనీ చెప్పుకుంటా కాయితం అందుకున్నడు. చివరి పేరు దగ్గర ఆయన వేలు ఆగింది.

"నువ్వు ఇక్కడ చేరిందెప్పుడమ్మా?"

"మొన్న ఆగస్టుల, సార్."

సారంగపాణి పోయి అప్పటికే ఏడాది దాటింది. కొమురెల్లి మెల్లగ గడప దాటి బయటికి పోయిండు.

రూతమ్మ ముందుకొచ్చింది. ఆఫీసరు చేతిలోంచి కాయితం లాక్కొని మడిచి కొంగులో ముడేసుకుంది. పోయి సారంగపాణి కుర్చీలో కూర్చుంది.

"ఎవరు ఎక్కించిన్రో నాకొద్దు సార్. ఎక్కించినోళ్ళు నా బిడ్డ వెనక ఉన్నరు. తీసేటోళ్ళు నన్ను లేపి తీయున్రి."