ప్లగ్గు దగ్గర మనిషి

నర్సీపట్నంలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఆ సాయంత్రం మార్కు కర్టెన్ రాడ్లు బిగిస్తున్నాడు. డ్రిల్లు మిషను బావ సత్యప్రకాష్‌ది. మార్కు భార్య పరిమళకు ఆయన అన్న. పోయిన వానాకాలం జ్వరమొచ్చి చనిపోతే, మిషను చెల్లెలింటికి చేరింది.

దాన్ని పట్టుకోవడం మార్కుకు నేర్పింది ఆయనే. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన గోడ ముట్టుకోవద్దు, లోపల వైర్లుంటాయి. కళ్లద్దాలు లేకుండా స్టూలెక్కొద్దు. కన్నం వేసే బిట్టు మార్చేటప్పుడు స్విచ్చిని నమ్మొద్దు, ప్లగ్గే పీకించు. కింద నిలబడ్డ మనిషి ప్లగ్గు చేత్తో పట్టుకుని "తీసేను" అనాలి. ఆ మాట వినపడ్డాకే పైవాడు బిట్టు మీద చెయ్యి వేయాలి. చెప్పిందే చెప్పి ప్రాణం తీసేవాడు మహానుభావుడు. అయినా మార్కుకు ఆయన మాటంటే గురి.

ఇవాళ కింద పరిమళ నిలబడింది. మబ్బు కమ్మి గది చీకటిపడింది. సిమెంటు పొడి ముక్కుల్లోకి పోతోంది. ఒక కన్నం పడింది. రెండోదానికి సన్న బిట్టు కావాలి.

"ప్లగ్గు తియ్యి," అన్నాడు మార్కు, గోడవైపే చూస్తూ.

"తీసేను బావా."

అలవాటుగా చెయ్యి బిట్టు మీదకు పోయింది. ఆ తర్వాత తట్టింది... అది మగ గొంతు.

వేలు ట్రిగ్గర్ మీద లేదు. అయినా మిషను గిర్రున తిరిగింది. అరచెయ్యి చీరుకుపోయింది. స్టూలు మీంచి పడ్డాడు. కింద ఎవరూ లేరు. ప్లగ్గు బోర్డుకే ఉంది.

గదంతా లవంగం వాసన. బావ ఎప్పుడూ బుగ్గన పెట్టుకునే లవంగం...

"నువ్వేనా బావా?" గొణిగాడు. "నాకు నేర్పినోడివి నువ్వే గదా..."

గాయం కన్నా ఆ తలపే ఎక్కువ మండింది. నమ్మినవాడే ఇంత పని చేశాడని ఏడుపొచ్చింది.

పరిమళ చేతినిండా బట్టలతో పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏటైందండీ? సినుకులు పడతన్నాయని బట్టలు తేడానికెల్లేను."

"మీ అన్న గొంతు... ప్లగ్గు తీసేనన్నాడు."

ఆమె పాత చీర చించి చెయ్యికి చుట్టసాగింది. మార్కు ఆమె భుజం మీద తల ఆనించాడు. ఇక నమ్ముకోడానికి ఈ ఒక్క మనిషే మిగిలింది అనుకున్నాడు.

అతని తల మీదుగా, తలుపు చాటు చీకటి వైపు చూస్తూ పరిమళ మెల్లగా అంది.

"సేతికే తగిలిందన్నియ్యా... ఇంకోపాలి సూడు."

మార్కు తల ఎత్తబోయాడు. ఆమె కట్టు ముడి బిగిస్తూనే ఉంది.