మలుపు దాటని బండి

"ఈ గొడుగు మీదేనా?" అడిగింది ఆమె.

"కాదు. నాది బ్రస్సెల్స్‌లో పోయింది," అన్నాడు యెహీల్.

కోడ్ సరిపోయింది. ఎర్ర కోటు వేసుకున్న ఆ అందగత్తె ఆంట్‌వెర్ప్ స్టేషన్ బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. పేరు కొరాలీ. ఊళ్ళో ఆర్ట్ గ్యాలరీ నడుపుతుంది. గ్యాలరీకి పెట్టుబడి ఒక విదేశీ ముఠాది. ఆ ముఠా రహస్యాలు మాత్రం రెండేళ్లుగా బెల్జియం సీక్రెట్ సర్వీస్‌కు చేరుతున్నాయి, ఏజెంట్ యెహీల్ వాక్స్ చేతుల మీదుగా.

"టార్గెట్ యూదుల వీధి," అంది పెదవులు కదపకుండా. "చివరనున్న చిన్న ప్రార్థన మందిరం. ఈ రోజే."

యెహీల్ పుట్టింది ఆ వీధిలోనే. ఆడుకున్నది ఆ మందిరం మెట్ల మీదే. పదిహేనేళ్ల క్రితం ఆచారాలు వదిలి, గడ్డం తీసేసి బయటికొచ్చాక మళ్ళీ లోపలికి అడుగు పెట్టలేదు.

"ఎలా?"

"పిల్లల బండిలో బాంబు. గోడ పక్కన వదిలేస్తారు. ప్రార్థన అయ్యి జనం బయటికి రాగానే ఒకడు ఫోన్ కొడతాడు. వాడి నంబరు ఇందులో ఉంది." లిప్‌స్టిక్ గొట్టం ఒకటి అతని ఒళ్లోకి జారింది. "వాడెక్కడ కూర్చుంటాడో నాకు తెలీదు. వీధి కనపడే చోటే. నువ్వు మాత్రం అటు వెళ్లకు. నిన్ను అక్కడ చూస్తే కబురు ఎవరు మోశారో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఆ తర్వాత నాకు గొడుగుతో పని ఉండదు."

లేచి రైలెక్కేసింది.

కాసేపటికి యెహీల్ ఆ వీధి మొదట్లో ఆగిన వ్యాన్‌లో ఉన్నాడు. బయట పైపులు బాగుచేసే కంపెనీ బొమ్మ. లోపల తెరలు, హెడ్‌ఫోన్లు, కొరాలీ ఇచ్చిన నంబరు మీద చెవి వేసిన టెక్నీషియన్ యోస్. యెహీల్ ఒంటి మీద పిజ్జా డెలివరీ కుర్రాడి వేషం, తలకి హెల్మెట్, వీపున పెట్టె.

"జామర్ వెయ్యండి, చీఫ్," అన్నాడు మైకులో. "ఫోన్లు పనిచెయ్యకపోతే వాడేం చెయ్యలేడు."

"పక్క వీధిలో ఆసుపత్రి ఉంది. పైనుంచి అనుమతి లేకుండా వెయ్యలేను. జామర్ తాళం కోడ్ నా దగ్గరే ఉంటుంది, నువ్వు వెతకొద్దు."

"అనుమతి అడగండి మరి."

"అడుగుతూనే ఉన్నానయ్యా. ఆ పెద్దమనిషి ఫోన్ ఎత్తట్లేదు. శనివారం కదా."

"జనాన్ని ఖాళీ చేయిద్దాం."

"వీధిలో కాస్త అలికిడి అయినా వాడు నొక్కేస్తాడు. బాంబ్ స్క్వాడ్ బయల్దేరింది. నువ్వు కదలకు. ఇది ఆర్డర్."

యెహీల్ తన సొంత ఫోన్ తీసి ఫిషెల్ బాబాయికి కొట్టాడు. ఎత్తరని తెలుసు. శనివారం వాళ్ళకి సబ్బాతు, యంత్రాలు ముట్టని విశ్రాంతి రోజు. ఆ వీధిలో ఏ ఫోనూ మోగదు. నిన్న పొద్దు వాలకముందే సొరుగుల్లోకి వెళ్ళిపోయి ఉంటాయి. అయినా గుర్తున్న నంబర్లన్నీ కొట్టాడు. స్విచాఫ్. స్విచాఫ్. స్విచాఫ్.

తెర మీద వీధి కనిపిస్తోంది. బేకరీ షట్టర్ మీద ఎవడో రాసిన బూతుని చెరిపేసిన మరక. మందిరం ముందు నిరుడు ఇద్దరు పోలీసులు ఉండేవారు. మనుషులు చాలడం లేదని వాళ్ళని ఎత్తేశారు. అప్పటినుంచి వీధి వాళ్ళే వంతులు వేసుకుని గేటు కాస్తున్నారు, ముసలివాళ్ళని ఇళ్ళకి దిగబెడుతున్నారు, ఒంటరి ఆడవాళ్ళకి తోడు నడుస్తున్నారు. ఈ రోజు వంతు ఓషర్‌ది. మామూలు రోజుల్లో చేపలు అమ్ముతాడు. ప్రాణాపాయం సంగతి కనక సబ్బాతు నాడు కూడా అతని నడుముకి ఒక వాకీటాకీ ఉంటుంది.

సన్నగా వాన మొదలైంది. టోపీ పెట్టుకున్న ఒక మనిషి నీలం రంగు పిల్లల బండి తోసుకొచ్చి, గోడ పక్కన వదిలి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

"అదే," అన్నాడు యోస్.

అప్పుడు మందిరం తలుపు తెరుచుకుంది. ఫిషెల్ బాబాయి బయటికొచ్చాడు. వీధిలో బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ ఉచితంగా బండి ఇచ్చేది ఆయనే. బిడ్డ ఎదిగాక ఆ బండి ఇంకో ఇంటికి పోతుంది. అన్నీ ఒకే కంపెనీవి, అన్నీ నీలం రంగువి. తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని పైకి పోతే బండ్లు మందిరం కింది సెల్లార్‌లో వరసగా ఉంటాయి.

ఆయన వాన వంక చూశాడు. బండి వంక చూశాడు. ఎవరో పిచ్చితల్లి తడవనిచ్చిందని విసుక్కుంటున్నట్టు తలాడించాడు. మనవణ్ణి దాచినట్టు కోటు తీసి దాని మీద కప్పి, లోపలికి తోసుకుపోయాడు.

"బాబాయ్," అన్నాడు యెహీల్. ఆ మాట వ్యాన్ దాటలేదు.

పైన మందిరం నిండా జనం. కింద బాంబు. యెహీల్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. యోస్ హఠాత్తుగా హెడ్‌ఫోన్ నొక్కి పట్టుకున్నాడు.

"బండి లోపలికి పోవడం చూశాడేమో, వాడు కొట్టేశాడు."

ఇద్దరూ తెర వంక చూస్తూ ఉండిపోయారు. ఏమీ కాలేదు.

"నాట్ రీచబుల్ అంటోంది. మళ్ళీ కొడుతున్నాడు. మళ్ళీ అదే."

యెహీల్‌కి వెలిగింది. మందిరం ఉన్న ఆ ఇల్లు ఒకప్పుడు వజ్రాల వ్యాపారిది. సెల్లార్ అంటే ఆయన ఇనుప గది. చుట్టూ ఉక్కు రేకు. చిన్నప్పుడు రేడియో పట్టుకెళితే అది కూడా మూగపోయేది. వాన పడిందని ఒక ముసలాయన జాలిపడి, ఊళ్ళో ఆ బాంబుకి ఫోన్ అందని ఒకే ఒక్క చోటుకి దాన్ని చేర్చాడు.

"చీఫ్, బండి కిందున్నంత సేపూ పరవాలేదు. పైకి తెస్తేనే..."

తెర మీద మందిరం తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ప్రార్థన అయిపోయింది.

తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని గేటు దగ్గర నిలబడతారు. మగవాళ్ళు కిందికి పోయి, ఎవరిది ఎవరిదని చూడకుండా, బండ్లన్నీ మోసుకొస్తారు. ఒక్కటి కూడా కింద వదలరు. అది అక్కడి అలవాటు.

"యెహీల్, కూర్చో. ఆర్డర్ అని చెప్పా..."

అతను అప్పటికే వీధిలో పరిగెడుతున్నాడు.

గేటు దగ్గర ఓషర్ అడ్డుపడ్డాడు. చేపల బుట్టలెత్తిన చేతులు అవి.

"ఎక్కడికి?"

"లోపలికి. అర్జెంట్."

"సబ్బాతు పూట పిజ్జా తెప్పించిన మహానుభావుడెవరయ్యా? ఆ పెట్టెలో ఏముంది?"

"నేను ఇక్కడివాణ్ణే. ఫిషెల్ మా బాబాయి."

"ఆహా. అయితే ఈ వారం మందిరంలో మనం చదివిన పారాయణ ఏదో చెప్పు."

యెహీల్ నోరు తెరిచాడు. పదిహేనేళ్లు. ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. ఓషర్ అతని కాలర్ పట్టుకున్నాడు. "నీలాంటివాళ్ళు ఈ నెలలో చాలామంది వచ్చారు బాబూ."

అతని భుజం మీదుగా సెల్లార్ మెట్లు కనిపిస్తున్నాయి. బండ్లు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. కింద చీకట్లోంచి ఫిషెల్ గొంతు వినిపిస్తోంది: "ఇదేంట్రా, ఇంత బరువుంది. బిడ్డని మర్చిపోయారా ఏంటి. పట్టు, అటువైపు పట్టు."

యెహీల్ పెనుగులాట ఆపేశాడు. గొంతు తగ్గించాడు.

"నీ వాకీటాకీ ఏ మెట్టు దగ్గర చచ్చిపోతుంది?"

ఓషర్ కళ్ళు చిట్లించాడు. బయటివాడెవడూ అడగని ప్రశ్న అది. "మెట్ల మలుపు దగ్గర. ఎందుకు?"

"ఆ బరువు బండి మలుపు దాటిందంటే మనం లేం."

ఓషర్ కాలర్ వదిలి, ఒక్క గంతులో మలుపు దగ్గరికి దూకి, మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు. వెనకే యెహీల్. బండి ముందు చక్రాలు అప్పటికే మలుపు రాతిని తాకాయి.

వ్యాన్‌లో యోస్ చెవిలో ఆ క్షణాన మొదటిసారి వేరే శబ్దం వినపడింది. కనెక్ట్ అవుతోంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"వెనక్కి, బాబాయ్," అన్నాడు యెహీల్, బండి ముందు భాగాన్ని పట్టి కిందికి దించుతూ. "మెల్లగా. ఇంకో మెట్టు. ఇంకొకటి."

నాట్ రీచబుల్.

ఫిషెల్ హెల్మెట్ కిందున్న ముఖాన్ని పోల్చుకున్నాడు. "నువ్వట్రా," అన్నాడు. "ఇన్నేళ్లకి వచ్చి బండి వెనక్కి తొయ్యమంటావా."

"బండి అక్కడ పెట్టు. అందర్నీ వెనక గుమ్మంలోంచి పంపించు. చప్పుడు కాకూడదు."

ఎవరూ అరవలేదు. ఎవరి చెయ్యి దొరికితే వాళ్ళు పట్టుకున్నారు. పక్కింటి పెరటి తలుపులు ఒకటొకటే తెరుచుకున్నాయి. అలాంటి రోజు వస్తుందని వాళ్ళు ఎప్పుడో మాట్లాడుకుని పెట్టుకున్నట్టుంది.

బాంబ్ స్క్వాడ్ వచ్చి పని ముగించింది. పదే పదే ఫోన్ కొట్టినవాణ్ణి ఆ కాల్స్ ఆధారంగానే యోస్ పట్టించాడు. లాండ్రీ మీది గదిలో దొరికాడు. ఊళ్ళోవాడే, మీసం సరిగ్గా రానివాడు. వాణ్ణి కుదుర్చుకున్న ముఠా మనిషి పొద్దున్నే దౌత్య పాస్‌పోర్టు మీద విమానం ఎక్కేశాడు. అతన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. రాత్రికి కొరాలీని, ఎర్ర కోటుతో సహా, కొత్త పేరుతో దేశం దాటించారు. బేకరీ షట్టర్ మీద మర్నాడు అదే బూతు మళ్ళీ కనిపించింది.

జామర్‌కు అనుమతి సోమవారం వచ్చింది.

తర్వాతి శనివారం యెహీల్ తన సొంత బట్టల్లో గేటు దగ్గరికి వెళ్ళాడు. ఓషర్ నవ్వకుండా పారాయణ ఏదని అడిగాడు. ఈసారి చదువుకుని వచ్చాడు. సెల్లార్ మెట్ల దగ్గర కొత్త బోర్డు వేలాడుతోంది: ఎవరిదో తెలియని బండిని లోపలికి తేకూడదు.

వాన పడుతోంది. బోర్డు కిందే, పొడిగా, ఎవరిదో తెలియని నీలం బండి ఒకటుంది. దాని మీద ఫిషెల్ బాబాయి కోటు.

యెహీల్ అందర్నీ వెనక్కి జరగమన్నాడు. రెండు వేళ్ళతో కోటు అంచు ఎత్తాడు. లోపల, జ్వరంతో పడుకున్న ఎవరింటికో పంపడానికి, దుప్పటి చుట్టిన బంగాళదుంపల కూగెల్ వంటకం గిన్నె ఉంది.

ఇంకా వేడిగానే ఉంది.