మూడు గీతల బంపర్

"నా బంపర్ ఏది?"

డార్సీ అరుపుకి లైబ్రరీ కింది గదిలో ఉన్న బొమ్మకార్ల క్లబ్బు పిల్లలంతా తలలెత్తారు. శనివారం, పదకొండు దాటింది. బల్లల నిండా ప్లాస్టిక్ కార్లే. ఒకదానికి చక్రాల్లేవు, ఒకదానికి కప్పు లేదు, ఇంకొకదాని ఇంజను బయటికొచ్చి పక్కన కూర్చుంది.

డార్సీ చేతులకి రబ్బరు గ్లవ్స్ ఉన్నాయి. ఎదురుగా ఊదారంగు మందు నింపిన డబ్బా ఉంది. పాత రంగు వదలాలని పోయిన శనివారం తన కారుని అందులో నానబెట్టింది. ఇప్పుడు తీసి టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే ఎర్రరంగు పొరలు పొరలుగా ఊడి వస్తోంది. అంతా బాగానే ఉంది. కానీ కారు ముందు తళతళలాడాల్సిన బంపర్ లేదు. దాని బదులు డబ్బా అడుగున వెలిసిపోయిన తెల్ల బంపర్ ఒకటి పడి ఉంది.

"ఇది నాది కాదు. నాది అద్దంలా మెరుస్తుంది. ఎవరో మార్చేశారు!"

ఆ కారు డార్సీ తాతయ్యది. పదేళ్ళ వయసులో ఆయన విడి ముక్కలు తెచ్చుకుని స్వయంగా అతికించుకున్న 1965 ఇంపాలా కారు నమూనా. జానెడు పొడవుంటుంది. తాతయ్యకి అప్పట్లో ఓపిక తక్కువ, జిగురు ఎక్కువ. తలుపుల సందుల్లో జిగురు, కిటికీల మీద జిగురు. కప్పు మీదైతే ఆరని జిగురులో ఆయన బొటనవేలి ముద్ర కూడా పడింది. ఇలాంటి కార్లని క్లబ్బులో 'జిగురు ముద్దలు' అంటారు. వాటిని విడదీసి, కడిగి, మళ్ళీ కొత్తగా నిలబెట్టడమే ఇక్కడ అందరికీ సరదా.

మూడు వారాల్లో తాతయ్య డెబ్భయ్యో పుట్టినరోజు. ఆయనకి తెలియకుండా అటక మీంచి దించి తెచ్చింది డార్సీ. అంత పాత బంపర్ ఏ షాపులోనూ దొరకదు. బంపర్ లేని కారు తాతయ్య చేతిలో ఎలా పెడుతుంది?

"కార్పెట్ తినేసి ఉంటుందిలే," అన్నాడు పక్క బల్ల దగ్గరున్న వెండెల్. "మొన్న నా కారు అద్దం కూడా మింగింది. దానికి ఆకలెక్కువ."

కింద పడిన చిన్న ముక్క దొరక్కపోతే క్లబ్బులో అందరూ అనే మాటే అది. పిల్లలు నవ్వారు. డార్సీ మాత్రం నవ్వలేదు.

డార్సీది పుట్టుకతోనే అనుమానపు బుర్ర. ఇంట్లో డబ్బాలోని బిస్కెట్లు పడుకునే ముందోసారి, లేవగానే ఇంకోసారి లెక్కపెడుతుంది. జ్యూసు సీసా మీద ఎంతవరకూ ఉందో పెన్నుతో గీత గీసి పెడుతుంది. క్లబ్బుకి తెచ్చే కారు పెట్టెకి నాలుగు రబ్బరు బ్యాండ్లు వేస్తుంది. ఒక్క బ్యాండు పక్కకి జరిగినా ఎవరో తెరిచారనే లెక్క. వాళ్ళమ్మయితే, "నిన్ను బ్యాంకుకి కాపలా పెట్టాలే తల్లీ," అంటుంది.

అలాంటి డార్సీ ఇప్పుడు వెండెల్ బల్ల వైపు చూసింది. వాడు చేస్తున్నదీ అదే ఏడాది ఇంపాలా. పోయినవారం వాడి బంపర్ మధ్యలో పగిలి, మెరుపు పోయి, బొగ్గు మసిలా ఉంది. మరి ఈవాళ? తళతళా మెరుస్తోంది.

డార్సీ లేచి వాడి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నీ బంపర్ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

వెండెల్ ముఖం చెవులదాకా ఎర్రబడింది. గబుక్కున కారుని పెట్టెలో పెట్టి మూతేశాడు. "నాదే."

"నీది పగిలిపోయింది. నేను చూశాను. ఇది ఎక్కడిది?"

"చెప్పను."

"ఎందుకు చెప్పవు?"

"నా ఇష్టం."

గుమ్మడికాయల దొంగ అంటే వీడు భుజాలు తడుముకుంటున్నాడు, ఇంకేం సాక్ష్యం కావాలి అనుకుంది డార్సీ. అసలే వెండెల్ కోటు జేబుల్లో ఏముంటుందో ఆ దేవుడికే తెలియాలి. ఎప్పుడు చూసినా ఉబ్బి ఉంటాయి.

"జేబులు చూపించు. నా బంపర్ తీసుకుని, నీ పాతది కడిగేసి నా డబ్బాలో పడేశావు. దొంగ!"

ఎనిమిదేళ్ళ ఓపల్ చేతిలోని బ్రష్ నుంచి నీలం రంగు చుక్కలు చుక్కలుగా కారుతున్నా చూసుకోలేదు. అందరూ కుర్చీకి వేలాడుతున్న వెండెల్ కోటు జేబుల వైపే చూస్తున్నారు.

వెండెల్ లేచాడు. కోటు తొడుక్కుని, పెట్టె చంకలో పెట్టుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వాడి పెదవి వణకడం ఓపల్ చూసింది. డార్సీ చూడలేదు.

క్లబ్బు నడిపే ప్రూయిట్ సార్ అప్పుడే డోనట్ల పెట్టెతో దిగొచ్చారు. ముప్పై ఏళ్ళు కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసి రిటైరైన మనిషి.

"ఏమర్రా, వెండెల్ డోనట్ తీసుకోకుండా పోతున్నాడేంటి? వాడికి జ్వరమా?"

అందరూ ఒకేసారి చెప్పారు. ఆయనకి మూడోసారికి అర్థమైంది. గ్లవ్ తొడుక్కుని, డబ్బాలోంచి తెల్ల బంపర్ తీసి, కుళాయి కింద కడిగారు.

"ఇది వెండెల్‌దా?"

"అవును సార్. వాడి పాతది."

"వాడిది మధ్యలో పగిలింది కదమ్మా. నేనూ చూశాను. దీనికి చిన్న బీట కూడా లేదే!"

డార్సీ తెల్ల బంపర్ వైపు వంగి చూసింది. ఈ సంగతి తనకెందుకు తట్టలేదు?

ప్రూయిట్ సార్ బంపర్‌ని వెనక్కి తిప్పి, కళ్ళజోడు పైకి జరిపి, దీపం కింద పెట్టి చూశారు. "లోపల ఏవో గీతలున్నాయి. ఒకటి, రెండు, మూడు. సూదితో గీసినట్టుంది. ఎవరు గీశారబ్బా?"

డార్సీకి ఆ గీతలు తెలుసు.

ఎవరో కాదు, తనే గీసింది. పోయిన శనివారం ఎవరూ మార్చకుండా గుర్తుండాలని, కారుని బోర్లా తిప్పి, బంపర్ లోపలి వైపు సూదితో మూడు గీతలు గీసింది. వెనక బంపర్ లోపల కూడా గీసింది. అది ముందే ఊడొచ్చింది కాబట్టి పెట్టెలో భద్రంగా మెరుస్తోంది. ముందుది మాత్రం ఎంత లాగినా రాలేదు. దాంతో కారుతోపాటే ఊదా మందులో ముంచేసింది.

"ఆ మందు రంగుని వారంలో వదిలిస్తుంది," అన్నారు ప్రూయిట్ సార్. "బంపర్ మీది మెరిసే క్రోమ్ పూతనైతే ఒక్క గంటలో తినేస్తుంది. పూత కరిగితే దాన్ని పట్టుకున్న జిగురు కూడా వదిలేస్తుంది. అందుకే ఇది ఊడి అడుగున పడింది. మెరిసేవేవీ ఇందులో వెయ్యకండని ఆరోజు రెండుసార్లు చెప్పానే. నువ్వు వినలేదా?"

డార్సీ తల దించుకుంది. సార్ చెబుతున్నప్పుడు తను బల్ల కింద మూడో గీత గీస్తోంది. ఒక కన్ను సూది మీద, ఇంకో కన్ను వెండెల్ చేతుల మీద. వాడు తన పెట్టె ముట్టుకుంటాడేమోనని.

బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వెతికితే వెతికింది, ఊళ్ళో ఒకణ్ణి పట్టుకుని దొంగని కూడా చేసింది!

ప్రూయిట్ సార్ తిట్టలేదు. బంపర్‌ని గుడ్డతో తుడిచి ఆమె చేతిలో పెట్టి, ఒక డోనట్‌ని కాగితంలో చుట్టారు. "ఇది వెండెల్ వాటా. వాళ్ళ ఇల్లు మీకు దారిలోనే కదా," అన్నారు.

మంచు కురుస్తోంది. అమ్మ కారు ఆపితే, డార్సీ ఒక్కతే వెళ్ళి తలుపు తట్టింది. వెండెల్ నానమ్మ తీసింది.

"రా తల్లీ, లోపలికి రా. కాళ్ళు మాత్రం తుడుచుకో. ఒరేయ్ వెండెల్, నీకోసం ఎవరో వచ్చార్రా!"

వెండెల్ మెట్ల మీద సగంలోనే ఆగిపోయాడు.

"ఏంటి, ఇల్లు సోదా చెయ్యడానికొచ్చావా? ముందు జేబులు చూస్తావా, మంచం కింద చూస్తావా?"

డార్సీ డోనట్ చాపింది. వాడు తీసుకోలేదు. అప్పుడు తెల్ల బంపర్ తీసి, వెనక్కి తిప్పి చూపించింది.

"ఈ గీతలు నేనే గీశాను. ఇది నా బంపరే. నేనే మందులో వేసి పాడుచేసుకున్నాను. నువ్వేం చెయ్యలేదు. సారీ."

వెండెల్ మెట్లు దిగొచ్చి ఆ గీతలు చూశాడు.

"అందరి ముందూ దొంగా అన్నావు," అన్నాడు. "ఇప్పుడొచ్చి మా నానమ్మ ఒక్కతే వినేలా సారీ అంటున్నావు."

డార్సీ డోనట్‌ని మేజా మీద పెట్టి వచ్చేసింది. కారెక్కాక ఏడుపొచ్చింది.

ఆ వారమంతా ఆమెకి బిస్కెట్లు లెక్కపెట్టాలని కూడా అనిపించలేదు. అందరి ముందూ నిలబడి చెప్పాలంటే భయం. చెప్పకపోతే వెండెల్ ఇక ఎప్పటికీ దొంగే. పోయిన శనివారం అందరూ వాడి జేబుల వైపు చూసిన చూపు గుర్తొస్తే అన్నం సహించలేదు.

మళ్ళీ శనివారం వచ్చింది. వెండెల్ బల్ల ఖాళీగా ఉంది. డార్సీ గది మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

"అందరూ ఒకసారి వినండి. నా బంపర్ ఎవరూ తియ్యలేదు. సార్ చెబుతుంటే వినకుండా నేనే దాన్ని మందులో వేశాను. మెరుపు పోయింది. చూసుకోకుండా వెండెల్‌ని దొంగ అన్నాను. వెండెల్ దొంగ కాదు. నాదే తప్పు."

బంపర్‌ని చేతుల్లోంచి చేతుల్లోకి పంపింది. ఓపల్ మూడు గీతల్నీ వేలితో తడిమి చూసింది.

"మరి వాడి బంపర్ ఎలా మెరిసింది?" అని అడిగింది ఓపల్.

"అది నాకు తెలీదు. చెప్పడం చెప్పకపోవడం వాడిష్టం."

"చాక్లెట్ కాగితం," అని వెనక నుంచి వినిపించింది.

మెట్ల మీద వెండెల్ నిలబడి ఉన్నాడు. బూట్ల మీది మంచు కరిగి కారుతోంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో.

వాడు జేబులో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు బయటికి తీశాడు. వెండి కాగితాలు. గోటితో రుద్ది రుద్ది ఒక్క ముడత కూడా లేకుండా చదును చేసినవి.

"క్రిస్మస్‌కి నానమ్మకి వచ్చిన చాక్లెట్లవి. పల్చగా జిగురు రాసి బంపర్‌కి అతికించి, దూదితో నొక్కాను. పగులు కూడా కనబడకుండా పోయింది." వాడి చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "మీరంతా షాపు సామాను వాడతారు కదా. చెబితే నవ్వుతారని చెప్పలేదు."

నిజంగానే ఓపల్ నవ్వింది. "అయితే నీ కారు నాకితే తియ్యగా ఉంటుందా?"

ఈసారి వెండెల్ కూడా నవ్వాడు. ప్రూయిట్ సార్ వాడు పెట్టెలోంచి తీసిచ్చిన బంపర్‌ని దీపం కింద ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "ముప్పై ఏళ్ళు రంగులేశాను. ఈ విద్య నాకు రాదు," అన్నారు.

వెండెల్ తన కారుకి బంపర్ అతికించి, వేళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు. జిగురు ఆరేదాకా కదలకూడదు. "ఎవరి దగ్గరైనా రబ్బరు బ్యాండ్ ఉందా?"

డార్సీ తన పెట్టెకున్న బ్యాండ్లు ఒక్కొక్కటే లాగేసి, నాలుగూ ఇచ్చింది. వెండెల్ రెండు బ్యాండ్లు కారు చుట్టూ వేసి బిగించాడు. తర్వాత తెల్ల బంపర్ వైపు చూశాడు.

"దీనికి రెండు కాగితాలు చాలు. కానీ ఇక్కడ అవదు. మూలల్లో నొక్కడానికే ఒక రోజు పడుతుంది. ఇంటికి తీసుకెళ్ళాలి." కొంచెం ఆగాడు. "నీకిష్టమైతేనే."

డార్సీ బంపర్‌ని ఒకసారి తడిమి చూసుకుంది. తాతయ్య కారుకి ఉన్న ఒకే ఒక్క ముందు బంపర్. వాడి చేతిలో పెట్టింది.

వెండెల్ దాన్ని కాగితం రుమాలులో చుట్టి కోటు జేబులో వేసుకున్నాడు. చాక్లెట్ కాగితాలు, విరిగిన పెన్సిల్, ఇంకా ఏమేమో ఉన్న ఆ జేబులోనే.

బయట అమ్మ కారులో ఎదురుచూస్తోంది. డార్సీ వెనక సీట్లో కూర్చుని, తాతయ్య కారుని ఒళ్ళో పెట్టుకుంది. ఎర్రరంగంతా పోయి తెల్లగా బయటపడింది కారు. కప్పు మీద బొటనవేలి ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని అరగదీయకూడదని ఎప్పుడో అనుకుంది.

"బంపర్ ఏదమ్మా? మర్చిపోయావా?" అంది అమ్మ అద్దంలోంచి చూస్తూ.

"వెండెల్ జేబులో ఉంది."

అమ్మ వెనక్కి తిరిగి కూతుర్ని ఎగాదిగా చూసింది. "ఎప్పుడిస్తానన్నాడు?"

"అడగలేదు," అంది డార్సీ. "కారు పోనీ అమ్మా, మంచు పడుతోంది."